ఆళ్లగడ్డ శిల్పి వేళ్లు, నేను కల్పించిన బాంబు

నెల కిందట ఒక మధ్యాహ్నం విజయవాడలో మా ఆఫీసులో అన్నం క్యారియర్ విప్పుతుండగా ఫోన్ వచ్చింది. "కతలు రాసే సార్ కదా? నేను ఆళ్లగడ్డ నుంచి మాట్లాడ్తాండా. మీరు రాసిన మనిషిని నేనే" అన్నాడు అవతలి ఆయన. తిడతాడనుకుని కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్లాను. తిట్టలేదు. ఒక పని ఉంది, మీరే చేయాల్సిన పని, ఫోన్లో చెప్పేది కాదు, ఒకసారి రాండి అన్నాడు. ఏ కథ అని నేను అడగలేదు. ఆళ్లగడ్డ అనగానే నాకు తెలిసిపోయింది.

ఎనిమిదేళ్ల కిందట నేనూ మా ఆవిడా అహోబిలం వెళ్లి వస్తూ ఆళ్లగడ్డలో ఆగాం. రోడ్డు పక్క శిల్పశాలలో చిన్న నల్లరాతి వినాయకుణ్ణి కొన్నాం. ఇచ్చిన శిల్పి ఎడమచేతి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. అది జారినప్పుడు చూశాను, రెండు వేళ్లు లేవు. ఆయన గబుక్కున మళ్లీ కప్పుకున్నాడు. మేం అక్కడ ఉన్నది పది నిమిషాలు. బస్సు ఎక్కేలోగా నా బుర్రలో కథ తయారైంది. సీమలో వేళ్లు లేని చెయ్యి, దాచుకునే చెయ్యి అంటే ఇంకేముంటుంది? చిన్నప్పటి నుంచి చూసిన సినిమాలన్నీ ఆ ఖాళీని నింపేశాయి. బాంబులు చుట్టిన చెయ్యి, ఒక పసివాడి ప్రాణం తీసిన చెయ్యి, పాపం కడుక్కోవడానికి దేవుణ్ణి చెక్కుతోందని రాశాను. ఒక పత్రిక పోటీలో బహుమతి వచ్చింది. సీమ జీవితాన్ని కళ్లకు కట్టానన్నారు. సన్మాన సభలో మైకు పట్టుకుని, ఇది కల్పన కాదు, కళ్లారా చూసిన మనిషి కథ అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. మూడేళ్ల కిందట కొందరు కుర్రాళ్లు దాన్ని పొట్టి సినిమాగా తీసి ఇంటర్నెట్లో పెట్టారు. మొదట్లోనే సభలో నేనన్న మాటలు వినిపించి, "నిజ జీవిత కథ" అని అక్షరాలు వేశారు. నేను వద్దనలేదు.

విజయవాడలో రాత్రి బండి ఎక్కితే గుంటూరు, మార్కాపురం మీదుగా తెల్లారేసరికి నంద్యాల చేరుస్తుంది. స్లీపర్ టికెట్ రెండు వందల యాభై దాకా అయింది. ఆరుముప్పావుకి దిగాను. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో అతను నూరు అడిగి అరవైకి వచ్చాడు. బస్టాండు దగ్గర ఒకామె బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేస్తోంది. ప్లేటు నలభై. బొరుగులు, అంటే మన మరమరాలు, బాగా నానినా ముద్ద కాకుండా, పుట్నాల పొడి పైన చల్లి ఇచ్చింది. నంద్యాలలో దిగితే ఇది తినకుండా కదలకండి. యాడ నుంచి వస్తాండారు, అహోబిలానికా అని అడిగింది. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి అన్నాను. పోయినేడు కెమెరాలేసుకుని కొందరు వచ్చి, బాంబులు చుట్టే ఊర్లు ఏవి అని ఆమెనే అడిగారట. "ఈడ పేలేది ఈ మిరపకాయొకటే అని చెప్పినా" అంది బాణలిలోంచి బజ్జీ తీస్తూ. పక్కన తింటున్నవాళ్లు నవ్వారు. నేను ఆమెకు నలభై ఇచ్చి బస్సు వైపు నడిచాను.

కడప, తిరుపతి వైపు వెళ్లే ఆర్టీసీ బస్సులన్నీ ఆళ్లగడ్డ మీదుగానే పోతాయి కాబట్టి ఎక్కువసేపు ఆగక్కర్లేదు. టికెట్ డెబ్బై లోపే, ప్రయాణం గంట పైచిలుకు. ఎడమవైపు కిటికీ దొరికితే దారంతా నల్లమల కొండలు కనిపిస్తాయి. కుడివైపు వరి, పత్తి, మధ్యలో కాలువలు. చేతుల్లో టిఫిన్ డబ్బాలతో పనులకు పోయేవాళ్లు, స్కూళ్లకు పోయే టీచర్లు శిరివెళ్ల దాకా ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. నా కథలో ఈ రోడ్డు మీద సుమోలు తప్ప ఏమీ తిరగలేదు. ఇన్ని టిఫిన్ డబ్బాల్లో ఒక్కటీ నేను రాయలేదు.

శిల్పశాల చేరేసరికి తొమ్మిదిన్నర. ఓబులాచారి గారు (పేరు మార్చాను) నన్ను గుర్తుపట్టారు. అరవై దగ్గర పడ్డ మనిషి, జుట్టంతా రాతిపొడి. ఇద్దరు పనివాళ్లు గ్రైండర్లతో ఒక అమ్మవారి పీఠం నున్నగా చేస్తున్నారు. ఆ మోతకి ఆయన మాట నాకు అందలేదు. చెయ్యి ఊపి మిషన్లు ఆపించారు. ఈసారి చేతి మీద తువ్వాలు లేదు.

నేను ముందే తయారు చేసుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. ఆయన సగంలో ఆపారు. ఇరవై ఏండ్ల కిందట రాయి కోసే మిషను దగ్గర పని చేస్తుంటే బ్లేడు జారిందనీ, రెండు వేళ్లు పోయాయనీ చెప్పారు. అంతే కథ. రెండేళ్లు పని లేదు. ఉలిని బొటనవేలికీ చివరి రెండు వేళ్లకూ మధ్య ఇరికించి పట్టుకోవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు.

"తువ్వాల కప్పేది సిగ్గుతో సార్. దేవుణ్ణి సెక్కే సేతికి వేళ్లు ల్యాకుంటే కొనేటోళ్లు ఎనక్కి పోతారని. మీరు ఒక్క మాట అడిగింటే చెప్తాంటి."

పొట్టి సినిమా వచ్చాక ఊళ్లో అందరూ ఆయన్నే అనుకున్నారు. వేళ్లు లేని శిల్పి ఆ వీధిలో ఇంకొకరు లేరు. తెలిసినవాళ్లు నవ్వి ఊరుకున్నారు. వేరే జిల్లా వాళ్లు ఒక ఆలయానికి ద్వారపాలకుల విగ్రహాలు మాట్లాడుకుని, ఫోన్లో ఆ సినిమా చూసి, పని ఇంకొకరికి ఇచ్చేశారు. అది చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు మారలేదు. నన్ను పిలిచింది దానికి కాదన్నారు. కూతురి కోసం అన్నారు.

ఒక్కతే కూతురు. మాధవి అందాం. నంద్యాలలో కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది, స్నేహితురాలితో కలిసి గదిలో ఉంటుంది. సినిమా చూసిన రోజు ఇంటికి వచ్చి, నిజమేనా నాయనా అని ఒకే మాట అడిగిందట. కాదన్నారు. నమ్మలేదు. రాసినాయన సభలో నిజమని చెప్పినాడు కదా అంది. అప్పటి నుంచి పండగకి వస్తుంది, వాళ్లమ్మతో మాట్లాడుతుంది, పోతుంది. మూడేళ్లుగా తండ్రితో మాట లేదు.

"మీ నోటితో నిజమన్నారు. మీ నోటితోనే అబద్ధమని చెప్పండి సార్. నాకు ఇంకేం వద్దు" అన్నారు.

ఆయన భార్య లోపలి నుంచి జొన్నరొట్టె, వంకాయ కూర తెచ్చి నా ముందు పెట్టింది.  రొట్టె అయిపోయేలోగా ఇంకోటి వేసింది.  నా మీద అరిచి ఉంటే కాస్త తేలిగ్గా తినేవాణ్ణేమో.

ఒంటిగంట బస్సుకి మళ్లీ నంద్యాల వచ్చాను. షాపు బజారు మధ్యలో ఉంది. మాధవికి ఇరవై ఆరేళ్లుంటాయి. నా పేరు చెప్పగానే చేతిలో అద్దం కింద పెట్టింది. యజమానిని అడిగి వచ్చి, షాపు బయట బల్ల మీద కూర్చుంది. నేను అంతా చెప్పాను. పది నిమిషాల పరిచయం, తువ్వాలు, నా బుర్రలో ఉన్న సినిమాలు, మైకు ముందు ఆడిన అబద్ధం. బాంబు లేదమ్మా, నేను కల్పించింది అన్నాను. చెప్పేశాక కొంత బరువు దిగినట్టనిపించింది. ఆమె ఊపిరి పీల్చుకుంటుందనీ, ఏడుస్తుందనీ, నాన్నకు ఫోన్ చేస్తుందనీ ఎదురుచూశాను. అదీ కథ రాసేవాడి అలవాటే.

 "అయితే నేనే సార్" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. మెల్లిగా చెప్పింది. అప్పుడు ఆమెకు ఆరేళ్లు. బడి తొందరగా విడిచారు. శిల్పశాల వాకిట్లో నిలబడి "నాయనా" అని గట్టిగా పిలిచింది. తరవాత అరుపులు. పక్కింటామె వచ్చి ఆమె మొహం కొంగులో దాచి ఎత్తుకుపోయింది. చెయ్యి ఆమె చూడలేదు. కానీ తను పిలిస్తే తల తిప్పాడనీ, అందుకే బ్లేడు జారిందనీ అనుకుంటూ పెరిగింది. తండ్రిని ఎప్పుడూ అడగలేదు. ఆయనా ఎప్పుడూ అనలేదు.

"మీ సినిమా చూసినాక, ఆ పొద్దు జరిగింది బాంబేమో, పెద్దోళ్లు దాచినారేమో అనుకున్న్యా. నమ్మకం కుదిరి కాదు సార్. అదైతే నా వల్ల కాదు కదా. ఇన్నేండ్లు నా వల్లే అనుకుంటాంటే నాయన బాంబని చెప్పకుండా నన్ను ఆ పాపం మోయనిచ్చినాడని కోపం. ఇప్పుడు మీరొచ్చి అదీ ల్యాదంటాండారు."

 అబద్ధం రాసి తండ్రిని దోషిని చేశాను. నిజం చెప్పి కూతుర్ని మళ్లీ దోషిని చేశాను. మీ నాన్నగారు బ్లేడు జారిందని మాత్రమే చెప్పారు, మీ పేరు ఎత్తలేదు అన్నాను. ఎత్తడు అంది. లేచి లోపలికి వెళ్లి, సెలవు అడిగి, సంచి తగిలించుకుని వచ్చింది. బస్టాండు దాకా తోడు వస్తానంటే వద్దంది. అయిదు గంటల బస్సుకి ఆళ్లగడ్డ వెళ్లింది.

ఆ రాత్రి నంద్యాలలోనే లాడ్జిలో ఉన్నాను, గది ఏడు వందలు, శుభ్రంగానే ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఓబులాచారి గారు ఫోన్ చేశారు. కూతురు వచ్చిందనీ, తన పక్కనే కూచుని తిన్నదనీ, అడగాల్సింది అడిగిందనీ చెప్పారు. ఏం జవాబిచ్చారని అడిగాను.

"ఆ మిషన్ మోతలో పిలుపు యాడ వినపడ్తది సార్? నువ్వు పిలిసింది నాకు ఇప్పటిదాకా తెలీదు అన్న్యా. శానాసేపు ఏడ్సి పండుకుంది. ఇంకా లేయల్యా."

అది నిజమా అని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఇంటికి వచ్చాక, ఆ కథ నేను కల్పించిందేనని పత్రికకు ఉత్తరం రాశాను. పొట్టి సినిమా తీసినవాళ్లు "నిజ జీవిత కథ" అన్న ముక్క తీసేస్తామన్నారు, ఇంకా తీయలేదు, అడుగుతూనే ఉన్నాను. విగ్రహాల పని పోయింది పోయినట్టే. కథల్లో, సినిమాల్లో కల్పన ఉండకూడదని నేను అనను. అది లేకపోతే నేను రాయలేను. ఓబులాచారి గారు ఆ రాత్రి కూతురికి చెప్పింది కూడా కల్పనే అయి ఉండొచ్చు. అయితే ఆయన ఎవరి కోసం చెప్పారో ఆ మనిషి మొహం ఆయన ఎదురుగా ఉంది. నేను రాసినప్పుడు నా ఎదురుగా ఎవరూ లేరు, బహుమతి తప్ప. ఈ సిగ్గు ఎంతకాలం ఉంటుందో తెలియదు. తొందరగా పోకూడదనే అనుకుంటున్నాను.

మీరు ఆళ్లగడ్డ వెళ్లేట్టయితే ఒక మాట: అహోబిలం నుంచి తిరిగొస్తూ హడావుడిగా ఆగకండి. నంద్యాలలో పొద్దున్నే బస్సెక్కి తొమ్మిదిలోపు శిల్పశాలలకు చేరండి. మిషన్లు ఇంకా మొదలుకావు, శిల్పులు టీ తాగుతూ ఉంటారు, కూర్చోమని మీకూ ఒక గ్లాసు ఇస్తారు.