సాంచాలు ఆగిన రోజు

బతకొచ్చిన ఈ పరాయి ఊళ్లో, ఇవాళ మా ఖటోదరా గల్లీకి కరెంటు సెలవు. వారానికొకసారి కార్ఖానాలకు కరెంటు బందు పెడతారు. సాంచాలన్నీ, అంటే మా మరమగ్గాలన్నీ, ఒక్కసారే నోరు మూసుకుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు అమ్మయ్య అనుకుంటారు. నాలాంటి పాతకాపుకు మాత్రం ఆ నిశ్శబ్దం చెప్పకుండా వచ్చిన చుట్టంలాగుంటుంది. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు. మా ఇంటామె పోయినంక మరీను. పొద్దున మెట్ల మీద కూర్చుని, పక్కన ఇంకొకరికి చోటు వదిలి, అలవాటు కొద్దీ ఒక పెద్ద అబద్ధం మొదలుపెట్టాను. వినేవాడు లేడని సగంలో గుర్తొచ్చింది.

ఆ చోటు మా అల్లుడిది. సొంత అల్లుడు కాదు, మేనబావ కొడుకు, వరుసకు అల్లుడు. కరోనా పోయిన మరుసటేడు సిరిసిల్ల వైపు నుంచి వచ్చాడు, మీసం ఇంకా కుదురుకోలేదు. వాణ్ని భుజం మీద మోసుకుపోయి దవాఖానలో పడేసి బతికించింది నేనేనని ఈ గల్లీలో నేను చెప్పని మనిషి లేడు. చాయ్ బండివాడికైతే భుజం మీద మచ్చ కూడా చూపించాను. ఆ మచ్చ చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే వచ్చింది. దవాఖానకు పోయింది ఆటోలో.

వాడు డిండోలిలో ఒక అద్దెగదిలో ఉండేవాడు. వాడు లేచి పనికి పోతే, అదే పరుపు మీద రాత్రి పాళీ చేసి వచ్చిన ఇంకొకడు పండుకునేవాడు. పరుపు ఒక్కటే, ఒకరి మొహం ఒకరికి తెలియదు. కార్ఖానాలోనేమో మాట వినబడదు, మేమంతా చేతులతో మాట్లాడుకుంటాం. వేళ్లు నోటి దగ్గర పెడితే తిన్నావా అని, అరచేయి కిందికి దించితే సాంచా ఆపు అని. అల్లుడు ఆ భాష తొందరగానే పట్టేశాడు. తిన్నావా అంటే తల ఊపేవాడు, పోగు తెగితే అతికేవాడు. వాడు మాట్లాడటం ఎప్పుడో మానేశాడని మాకెవ్వరికీ తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? ఆ మోతలో మాట్లాడేవాడూ మాట్లాడనివాడూ ఒక్కతీరే కనబడతారు.

తెలిసింది ఒక కరెంటు సెలవు నాడు, మెస్సులో. మెస్సు నడిపేది మా వైపు ఆమె, నన్ను అన్నా అంటుంది. "ఏంది బిడ్డా, ముట్టనే లేదు, జర పప్పన్న ఎయ్యాల్నా?" అని అడిగితే వాడు కంచానికి అరచేయి అడ్డం పెట్టాడు.

"కరెంటుతోపాటు నీ నోరు గూడ బందైందారా అల్లుడా?" అని ముందు నవ్వింది నేనే. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నవ్వకు అన్నా. వీని గొంతు ఎప్పుడు ఇన్నవో జర యాదికి తెచ్చుకో."

తెచ్చుకోబోయాను. వాడి గొంతు ఎట్లుంటుందో కూడా గుర్తు రాలేదు. దిష్టి తగిలిందేమో అని గొణిగితే, "దిష్టి లేదు గిష్టి లేదు, రేపు పనికి నాగా పెట్టి తోల్కపో" అని నన్ను తరిమింది కూడా ఆమే.

సర్కారు దవాఖానలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ చిన్న వయసుది. హిందీలో మెల్లగా అడిగింది: నిద్ర పడుతోందా, ఆకలవుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా. చివరిది అంత నేరుగా అడుగుతుందని అనుకోలేదు. వాడు అరచేయి కిందికి దించాడు. ఆమె నా వైపు చూసింది. మిషన్ ఆపమంటున్నాడని చెప్పాను. ఏ మిషన్ అంది. వాడు వేలు తన కణత మీద పెట్టుకున్నాడు.

తర్వాత ఆమె నన్నూ అడిగింది, మీకు నిద్ర పడుతోందా అని. ఈ ఊళ్లో ఆ మాట నన్నెవరూ అడిగి ఎరగరు. మస్తుగా పడుతుందన్నాను. మందులు ఏవి రాయాలో ఆమె నన్నే అడిగిందని మాత్రం గల్లీలో చెప్పుకున్నాను.

మందులిచ్చింది, వారం వారం రమ్మంది, ఒంటరిగా వదలొద్దంది, మాట్లాడమని బలవంతం చేయొద్దంది. వాణ్ని నా గదికి తెచ్చుకున్నాను. కరెంటు సెలవు వస్తే ఈ మెట్ల మీదే కూర్చునేవాళ్లం; వాడిది మౌనం, నావి కోతలు. ఒకనాడు, వయసులో ఉండగా ఒక్కణ్నే యాభై సాంచాలు ఉరికించానని చెబుతుంటే, పక్కనుంచి తుప్పు పట్టిన గొంతు వినిపించింది.

"జర తగ్గించు మామా."

నాకు ఏడుపొచ్చింది. వాడికి కనబడకుండా బేరం మొదలుపెట్టాను. పన్నెండు దగ్గర తెగింది. నిజానికి ఎనిమిదే.

ఇప్పుడు వాడు ఊరవతల కడోదరాలో పెద్ద కార్ఖానాలో ఉన్నాడు. మందులు ఇంకా కొన్ని వేసుకుంటాడు, ఎవరి దగ్గరా దాచడు. ఇందాక నేను సగం అబద్ధం దగ్గర ఆగిపోయి ఉండగా వీడియో కాల్ చేశాడు. వెనక సాంచాల మోత. వేళ్లు నోటి దగ్గర పెట్టాడు. నేను తల ఊపాను. నిన్నటి నుంచి మెస్సు దాకా పోబుద్ధి కాలేదు నాకు. వాడు నా మొహం పరీక్షగా చూసి ఫోను పెట్టేశాడు. కొంచెం సేపటికి మళ్లీ మోగింది. ఈసారి చప్పుడు లేదు, బయటికి వచ్చినట్టున్నాడు.

"తలకాయతోటి కాదు మామా, నోటితోటి చెప్పు. తిన్నవా?"

"లేదురా."

"నిద్ర పడ్తున్నదా?"

"లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తగ్గించు అనడానికి అందులో ఏమీ లేదు.

"లెవ్వు. చెప్పులేసుకో. మెస్సు వచ్చేదాంక నేను లైన్లనే ఉంట."

లేచాను. సాంచాల మీద ఇన్నాళ్లూ కాలాన్ని నేసిన గజాల్లో కొలిచాను. ఇప్పుడు నాకు మిగిలిన కాలమల్లా, ఒకడు ఒక మాట అడిగి జవాబు కోసం ఆగేంతసేపు.