చదరపు మీటరు సరస్సు

ఒడ్డున అందరూ ఆమెని నత్తలావిడ అనేవారు. సరస్సు కార్యాలయంలో ఉద్యోగం. మోకాలిలోతు నీళ్ళలో దిగ్గొట్టిన ఇనుప చట్రం ఒకటుండేది, అటు మీటరు, ఇటు మీటరు. ప్రతి సోమవారం అందులోని నత్తలనూ చేపపిల్లలనూ లెక్కపెట్టి రాయాలి. పైవాళ్ళు కుర్చీలో కూర్చుని ఆ అంకెను సరస్సు విస్తీర్ణంతో హెచ్చవేసి, సరస్సంతా ఎలా ఉందో తేల్చేసేవారు.

పంతొమ్మిదేళ్ళలో ఆమె ఒక్క సోమవారం ఎగ్గొట్టలేదు. గిన్నె మీద మరకుంటే కంటికి కునుకు పట్టని మనిషి. చట్రంలోకి నురగ వస్తే దోసిళ్ళతో తోడిపోసేది, కుళ్ళిన నాచు పీకేసేది, మురికి రాకుండా చుట్టూ రాళ్ళు పేర్చింది. ఆ తర్వాతే లెక్క. చట్రంలో మనిషి చెయ్యి పెట్టకూడదని నిబంధన ఉంది. శుభ్రం చెయ్యడం కూడా చెయ్యి పెట్టడమేనని ఆ మహాతల్లికి తట్టలేదు.

ఎగువన రంగుల కార్ఖానా వచ్చాక జాలర్ల వలలు ఖాళీగా తేలడం మొదలైంది. ఆమె సొంత అన్న కూడా జాలరే. అందరూ కలిసి ఫిర్యాదు పెట్టారు. గెలిస్తే కార్ఖానా గొట్టం మూతపడుతుంది. ఓడితే తప్పు జాలర్లదే అవుతుంది, అయిదేళ్ళు వల ముట్టకూడదు.

విచారణ గదిలో అధికారి ఆమె అంకెల పటం గోడకి తగిలించాడు. కార్ఖానా వచ్చినప్పటినుంచీ గీత ఏటేటా పైకే పోతోంది.

"నత్తలు మూడింతలయ్యాయి. సరస్సు నిక్షేపంలా ఉంది. చేపల్ని మీరే ఊడ్చిపెట్టేస్తున్నారు," అన్నాడు.

అన్న లేచాడు. "అయ్యా, నడిమధ్యకి వెళ్ళి చూడండి, పురుగు కూడా లేదు. బతికున్న నాలుగూ ప్రాణాలు అరచేత పట్టుకుని ఆ చట్రంలోకే చేరాయేమో!"

గదిలో కొందరు నవ్వారు. నత్తలావిడ నవ్వలేదు. తను ఇన్నేళ్ళూ మురిసిపోతూ రాసినవి పుట్టిన ప్రాణులు కావు, చావు తప్పించుకుని, తను శుభ్రంగా ఉంచిన ఆ మీటరు నీళ్ళలోకి పారిపోయి వచ్చినవి. సరస్సు ఎంత చస్తే తన అంకె అంత పెరిగింది.

"ఒక్క మాట చెప్పమ్మా," అధికారి ఆమె వైపు తిరిగాడు. "చట్రంలో ఎప్పుడైనా చెయ్యి పెట్టావా?"

నిజం చెబితే పంతొమ్మిదేళ్ళ కాగితాలూ చిత్తు. ఉద్యోగం ఊడుతుంది. నలుగురిలో తలెత్తుకోలేదు. ఎదురుగా అన్న, నమ్మకంగా చూస్తున్నాడు.

"లేదండీ," అంది. గొంతు వణకలేదు కూడా.

ఫిర్యాదు కొట్టేశారు. అధికారి ఆమెని మెచ్చుకుని, సరస్సు చుట్టూ ఇంకో పది చట్రాలు పెట్టించి మనుషులకి పని నేర్పమన్నాడు.

వారం తిరక్కుండా అన్న పడవ అమ్మేశాడు. ఆమె వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని వల పోగులు విప్పుతున్నాడు. ఆమె ఎదుట నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నే జరిగి చోటిచ్చాడు.

"ఏడవకే పిచ్చిదానా. నా కోసమని నువ్వు అబద్ధం చెబుతావేమోనని ఆరోజు ఎంత భయపడ్డానో! నువ్వు చూసింది నువ్వు చెప్పావు. తప్పు మాదే అయ్యుంటుంది. అత్యాశకి పోయి మేమే సరస్సుని తినేశాం."

అన్న పక్కన కూర్చుని, తనూ ఒక పోగు అందుకుని విప్పడం మొదలుపెట్టింది.