నజ్మాలో నా పేరున చేసిన ప్రార్థన

తొంభైల్లో దోహాలో కంపెనీ బస్సు నడిపేవాణ్ణి. బడి మధ్యలోనే మానేసినా, ఇంగ్లిషు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. నా గదిలోనే ఉండే గోదావరి గుమాస్తా ఒకడు ఆఫీసులో పారేసే పత్రికలు తెచ్చిచ్చేవాడు. వాణ్ణి సొంత తమ్ముడనుకున్నాను.

ఒక పత్రికలో యూదుల గురించి వ్యాసం పడింది. అందరూ యూదులే అయినా, యూరప్ నుంచి వచ్చిన కుటుంబాల్లో దిగులు జబ్బు లెక్క ఒక తీరు, యెమెన్, మొరాకోల నుంచి వచ్చినవాళ్లలో ఇంకో తీరట. అది రక్తమా, వలస కష్టమా, లేక ఒకరు డాక్టరు ముందు నోరు విప్పితే మరొకరు కడుపునొప్పి అని సరిపెట్టుకుంటారా? డాక్టర్లకే తేలలేదట. ఆ కడుపునొప్పి మాట నాకు సూటిగా తగిలింది.

"మా సీమలో మొగోడు దిగులంటే నవ్వుతారు తమ్ముడా. నేనూ తలనొప్పి అనే చెప్పుకుంటా ఉండా. పొద్దున లేస్తానే ఏడుపొస్తాది" అన్నాను.

"నా కడుపులో పెట్టుకుంటా అన్నయ్యా" అన్నాడు వాడు.

శుక్రవారం దోహాలోనే నజ్మా అనే పేటలో ఒక ఇంట్లో మా తెలుగు క్రైస్తవుల కూడిక. పాటలయ్యాక ఎవరికేం అవసరమో లేచి చెబితే, అందరూ మోకాళ్లూని ప్రార్థించడం ఆనవాయితీ. వాడు లేచాడు.

"మా గదిలో అన్నయ్యకి మనసు జబ్బండి. సీమవాళ్లకి రక్తంలోనే ఉంటుందంట, పత్రికలో కూడా వేశారు. ప్రార్థించండి."

పత్రికలో సీమ మాటే లేదు! అంత చదివిన డాక్టర్లే తేల్చలేని సంగతిని వీడు మా జిల్లాల నెత్తిన రుద్దేశాడు. ముందు వరసలో కూర్చున్న మా బస్సుల సూపర్‌వైజర్ గట్టిగా ఆమెన్ అన్నాడు. మర్నాడు బస్సు తాళంచెవి అడిగాడు.

"మనుషుల్ని మోసే బండి బ్రదర్. డాక్టరు చీటీ తెచ్చేదాకా స్టోరులో డ్యూటీ చెయ్యి. ప్రేమతోనే చెబుతున్నా."

గదికొచ్చి తమ్ముణ్ణి నిలదీశాను.

"ప్రార్థనకే కదా చెప్పాను? దేవుడి దగ్గర దాపరికం ఏంటి అన్నయ్యా?"

"దేవునికి చెప్పేదానికి నడాన సూపర్‌వైజర్ ఎందుకురా?"

క్లినిక్కుకు తోడొస్తానని వాడే బయల్దేరాడు. డాక్టరు మంచివాడు. మనసు ఎలా ఉంటోందని నెమ్మదిగా అడిగాడు. నా పక్కనే కుర్చీలో వాడు, చెవులు రిక్కించుకుని.

"తలనొప్పి సార్. అంతే" అన్నాను.

డాక్టరు చీటీలో అదే రాశాడు. బస్సు తిరిగి ఇచ్చారు. లెక్కలు రాసేవాళ్లు ఎవరైనా మా సీమవాళ్ల దిగులు లెక్కగట్టి ఉంటే, అందులో నేను లేను.