ఎదురింటి అరుగు మీద టీకా

మొన్న బందరులో మా మునిమనవరాలికి టీకా వేయించి తీసుకొచ్చారు. పిల్ల కాసేపే ఏడ్చింది. పిల్ల తండ్రి, అంటే నా కూతురి కొడుకు, నాయకుల్ని తిట్టడం మాత్రం భోజనాల దాకా సాగింది. "వీళ్ళు చెప్పేది ఒక్కటీ నమ్మను అమ్మమ్మా" అంటూనే పిల్లని ఒళ్ళో వేసుకుని జోకొడుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. మా నాన్నగారూ సరిగ్గా ఇలాంటి మనిషే. కాకపోతే ఆయన బడిపంతులు, తిట్లు కూడా వ్యాకరణం తప్పకుండా తిట్టేవారు.

అవి తెల్లవాళ్ళ రోజులు. తొలి కాన్పుకి దివిసీమలో మా పుట్టింటికి వచ్చాను. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత. ఆ వెనకే ఊళ్ళో అమ్మవారు పోసింది, అదే మశూచి. ఇంకేముంది, రేవులో పడవలు ఆపేశారు. గుడివాడలో ఉన్న మా ఆయన ఇటు రాలేడు, నేను అటు వెళ్ళలేను. వీధిలో ప్రతి గుమ్మానికీ వేపమండలు. ఊళ్ళో అమ్మవారుండగా పోపు వేస్తే ఆవిడకి కోపమని ఏ ఇంట్లోనూ తాలింపు వాసన లేదు. నేనేమో పురిటిగదిలో. తలుపులు మూసి, కుంపట్లో వాము పొగ వేసి, వీధివైపు కిటికీ రెక్క వేలెడు సందు మాత్రం ఉంచారు. బాలింతనీ ఖైదీనీ మనవాళ్ళు ఒకలాగే చూస్తారు, ఖైదీకి పురిటి మందని కాయం తినిపించరు, అంతే తేడా. ఊపిరాడేది కాదు. పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, అంతా తడిమి తడిమి చూసి ఏడ్చేదాన్ని.

టీకాలు వేసే ఆయన వచ్చి గుమ్మం అవతలే నిలబడి, "పసిది మరీ నీరసంగా ఉందండీ, ఇప్పుడే వెయ్యలేను. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు వేయించుకుంటే దానికీ కాపుదల" అన్నాడు. నాకు చిన్నప్పుడే వేశారు. అమ్మకి చిన్నతనంలో పోసి తగ్గింది, మొహం మీద మచ్చలే సాక్ష్యం. ఇక మిగిలింది నాన్నగారు. ఆయనేమో జబ్బుపడ్డ ఇళ్ళన్నిటికీ మంచినీళ్ళూ మజ్జిగా మోసి, తిన్నగా మా గది గుమ్మంలోకి వచ్చి మనవరాలిని పలకరించే మనిషి!

ఆయన టీకా వద్దనడానికి కారణం అమ్మవారు కాదు, ఎదురింట్లో ఉండే పంచాయతీ ప్రెసిడెంటు. అంతకు ముందు కృష్ణకి వరదొచ్చినప్పుడు ఆ మహానుభావుడే "కరకట్ట గట్టిగా ఉంది, ఎవరూ కదలొద్దు" అని టముకు వేయించాడు. తన పెళ్ళాం పిల్లల్ని మాత్రం గుట్టుగా ముందే బందరు పంపేశాడు. కట్ట తెగింది. ఆ నీళ్ళల్లో మా నాయనమ్మ పోయింది. ఇప్పుడు అదే టముకు, అదే నోరు, టీకాలు వేయించుకోమంటోంది. "వాడు తెల్లారిందంటే నేను లేచి ఆకాశం చూసుకుంటానమ్మా" అనేవారు నాన్నగారు. ఆయన కోపంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించేది కాదు. కానీ పిల్ల నా ఒళ్ళో ఉంది.

"వేయించుకోకపోతే ఈ గుమ్మంలోకి రాకండి నాన్నగారూ" అనేశాను. ఆయన్ని అంత మాట అనడం అదే మొదలు. ఆయన వెళ్ళి, టీకాల ఆయన్ని పిలిపించి, పెరట్లో చాటుగా వేయించుకున్నారు. ప్రెసిడెంటుకి తెలియకూడదట!

అయితే మా వీధి ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. టీకాల మనిషి సందు మలుపు తిరిగాడో లేదో, అమ్మవారికి కోపం రాకూడదని విభూదీ పసుపూ తడిపి ఆ టీకా గాట్లు తోమేసేవాళ్ళు. మా అమ్మా అదే చేసింది. మంట తగ్గడానికి పసుపు పట్టిస్తోంది కాబోలనుకుని నాన్నగారు చెయ్యిచ్చారు. కొన్నాళ్ళకి టీకాల ఆయన వచ్చి చూస్తే పొక్కు లేవలేదు. "పట్టలేదు మాస్టారూ, మళ్ళీ వెయ్యాలి. మధ్యాహ్నానికి నేను పక్క ఊరికి వెళ్ళిపోతున్నాను. సరంజామా అంతా ప్రెసిడెంటు గారి అరుగు మీద ఉంది, జనం వరస కట్టారు. మీరే అక్కడికి రావాలి" అన్నాడు. అమ్మ భయపడి చేసిన పని చెప్పేసి, కొంగు నోట్లో కుక్కుకుంది. "నీ భక్తి బంగారం కానూ!" అన్నారు నాన్నగారు.

కిటికీ సందుకి కన్ను ఆనించి చూశాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా వీధి దాటారు. వరద తరవాత ఎన్నడూ తొక్కని ఆ అరుగెక్కి, ఖద్దరు లాల్చీ చెయ్యి పైకి మడిచారు. ప్రెసిడెంటు పడక్కుర్చీలో వెనక్కి వాలి, "అయితే చివరికి మా మాట విన్నారన్నమాట!" అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఈయన చెయ్యి లాక్కుని వచ్చేస్తే నా పిల్ల గతేమిటి? వెళ్ళి ఆపుదామంటే గడప దాటడానికి లేదు. నాన్నగారి చెయ్యి మాత్రం కదల్లేదు. "మీ మాట విని రాలేదండీ. ఇంట్లో పసిపిల్ల ఉంది, అందుకొచ్చాను. కరకట్ట లెక్క ఇంకా తేలలేదు. చెయ్యి మానాక దానికోసం వస్తాను" అన్నారు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కిటికీ దగ్గరే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

పొక్కు రసి పసిదానికి అంటుకుంటుందని, అది ఎండి పక్కు రాలేదాకా పిల్లని తాకొద్దన్నారు. అన్నాళ్ళూ నాన్నగారు మూసిన తలుపు అవతల కూచుని, మనవరాలికి వినిపించేలా పద్యాలు చదివేవారు. ఆ వేసవిలో మా వీధిలో కొందరు పోయారు. మా గడపలోకి మాత్రం జబ్బు రాలేదు. తన మొక్కు వల్లేనంది అమ్మ.

తరవాత ప్రెసిడెంట్లు మారారు, జెండాయే మారిపోయింది. నమ్మదగ్గ నాయకుడు ఒక్కడైనా రాకపోతాడా అని నాన్నగారు పోయేదాకా ఎదురుచూశారు. టీకాకి కూడా ఆ మంచి రోజు రావాలని కూచుని ఉంటే, నా కూతురి తల నెరవడం నేను చూసేదాన్నా?