సియావ్ ఇచ్చిన ఆకు

మా పెద్దమ్మ ఖమ్‌సింగ్ మనుషుల కంటే పట్టుపురుగుల్నే ఎక్కువ నమ్మేది. ఒక్క బున్లోమ్ దగ్గర మాత్రం ఆ లెక్క తప్పింది. వాళ్లిద్దరూ సియావ్‌లు, అంటే మణికట్టుకి నూలు కట్టుకుని ప్రాణస్నేహానికి ఒట్టేసుకున్నవాళ్లు. పెద్దమ్మ వాళ్లమ్మ పెంచిన పసుపు పట్టు జాతి మా ఊళ్లో ఆ రెండిళ్లలోనే మిగిలింది.

జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరమ్మ మైక్రోస్కోపులో పురుగు కడుపు చూపించిన రోజు నుంచి పెద్దమ్మకి ఒకటే గొప్ప.

"మన కడుపులాంటిది కాదే అది! లోపల సన్నటి పొరుంటుంది, ఆకుతో పోయిన రోగాన్ని ఆపేస్తుంది. దాని రసం సున్నమంత ఘాటు. గోడ పాడైన చోట రాల్చేసి, పెంటతో బయటికి తోసేసి, కొత్తది పెంచుకుంటుంది. మరీ ఎక్కువ రోగం మింగితేనే పాపం ఓడిపోతుంది."

అందుకే ఎవరు ఆకిచ్చినా తుడిచి, వాసన చూసి, ఆరబెట్టి మరీ వేసేది.

ఆ ఏడు వానలకి ఆవిడ మల్బరీ తోట మునిగింది. పురుగులేమో గూడు కట్టే ముందు ఆకలి మీదున్నాయి. బున్లోమ్ అడగ్గానే బుట్టెడు ఆకిచ్చింది. సియావ్ ఇచ్చింది వాసన చూస్తే మాలో మొహాన తిట్టినట్టే. పెద్దమ్మ అలాగే తట్టల్లో పరిచేసింది.

మూడో రోజుకి పురుగులు మెత్తబడి నల్లటి నీళ్లు కక్కాయి. బుట్ట తిరిగివ్వడానికి నేను వెళ్లేసరికి బున్లోమ్ పెరట్లో ఖాళీ తట్టలకి రోగం పోవాలని సున్నం పూస్తోంది. అప్పుడు చూశాను, బుట్ట అడుగున ఎండిపోయిన పురుగులు. నాకు ఒళ్లు మండింది. పరుగున వెళ్లి పెద్దమ్మని తీసుకొచ్చాను.

"నీ పురుగులెప్పుడు చచ్చాయి?" అంది పెద్దమ్మ.

"పది రోజులైంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నా ఇల్లు శుభ్రంగా ఉండదంటారని... సిగ్గేసిందే. చచ్చినవాటిని పారబోసిన బుట్టే అయినా దులిపాలే, ఏం కాదనుకున్నా."

"సిగ్గా? నీ సిగ్గంతా నా పురుగులకి తినిపించావు కదే!"

వేల పురుగుల్లో పంతొమ్మిది బతికి గూళ్లు కట్టాయి. పెద్దమ్మ పట్టు కోసం ఒక్క గూడూ ఉడకబెట్టలేదు. పట్టు సీతాకోకచిలకలు గూళ్లలోంచి బయటికొచ్చి కాగితం మీద గుడ్లు పెట్టాయి. ఆ సంగతి తెలిసి బున్లోమ్ వచ్చి పెద్దమ్మ ఇంటి మెట్ల దగ్గర కిందే నిలబడింది. పెద్దమ్మ కాగితాన్ని సగానికి కత్తిరించి ఒక ముక్క ఇచ్చింది. నేను బిత్తరపోయాను.

బున్లోమ్ ఏడ్చేసింది. "నన్ను క్షమించావా?"

"లేదు. నా ఇంట్లో చచ్చినా ఇంకో ఇంట్లోనైనా మా అమ్మ పురుగులు బతకాలి, అందుకిస్తున్నా. పట్టుకెళ్లు. ఇంక ఈ మెట్లెక్కకు."