మైల ఇంట్లో రిమోటు కారు

మా చిన్నప్పుడు... మా నాయన పోయిన అయిదో రోజు. తిరుత్తణి పక్కన మా పల్లెలో, ఇంటి ముందర ఓదార్పుకు వచ్చిన జనం కూర్చుని ఉన్నారు. మా తమ్ముడు గోపాలు, ఆరేళ్లవాడు, వాళ్ల మధ్యలోంచి ముంజకాయ బండి తోసుకుంటూ పోయాడు... నోటితో డుర్రుమని చప్పుడు చేస్తూ.

ముంజలు తినేసిన తాటి బుర్రలు రెండు, మధ్యలో ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి ఒక పంగల కర్ర... అంతే ఆ బండి. జ్వరంతో పడుకోబోయే ముందురోజు మా నాయన చేసిచ్చింది.

మైల ఇంట్లో పదహారు రోజులు ఆటా పాటా కూడదు. ఒక పెద్దావిడ మూతి తిప్పింది. "నాయిన పోయినాడని రవ్వంత బాధ ఉండాదా చూడు, ఈ పిల్లోడికి."

నాకప్పుడు పదేళ్లు. తల కొట్టేసినట్టయింది. వాడు నీళ్లు తాగడానికి లోపలికి పోగానే ఆ బండిని తీసుకుపోయి, పెరట్లో నీళ్లు కాగే పొయ్యిలోకి తోసేశాను. పచ్చి బుర్రలు... కాలితేనా? ఇల్లంతా పొగ. అందరి కళ్లలో నీళ్లు. ఎవరు మా నాయన కోసం ఏడుస్తున్నారో, ఎవరు పొగకు ఏడుస్తున్నారో తెలియలేదు.

గోపాలు రెండు రోజులు బండి కోసం వెతికాడు. ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత ఒక మూల కూర్చున్నాడు... చానా రోజులు అట్లాగే కూర్చున్నాడు. పిల్లోడికి బుద్ధొచ్చిందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాస్తోంది. మా బంధువులు కూడా చదువుతారని తెలిసే చెబుతున్నాను.

గోపాలు పెద్దయ్యి లారీ తోలాడు. భార్య సరోజకు పక్షవాతం వచ్చి మంచాన పడితే లారీ మానేసి, తిరువళ్లూరులో ఇంటిపట్టునే ఉండిపోయాడు. మూడేళ్లు ఆమెకు అన్నీ తనే. ఆ రోజుల్లోనే ఒక ఎర్ర రిమోటు కారు కొనుక్కున్నాడు. లావు టైర్లు, కింద స్ప్రింగులు, రాళ్ల గుట్టయినా ఎక్కేస్తుంది. మధ్యాహ్నం సరోజ కునుకు తీస్తే దాన్ని ఒక్కో మరా విప్పేసి, పళ్లు తోమే బ్రష్షుతో దుమ్ము దులిపి, మళ్లీ బిగించేవాడు.

దాని పైన ఒక స్టీలు మూత కట్టి, వంటింట్లోంచి ఆమె మంచం దగ్గరికి మందుబిళ్లలు పంపేవాడు. సరోజ ఒక పక్క నోటితోనే నవ్వేది... "లారీ వచ్చెనా" అని.

పోయిన నెల సరోజ వెళ్లిపోయింది.

చావుకు పోయి తిరుత్తణి వచ్చేశాను. పదకొండో రోజు మా వాళ్లలో పెద్ద, మునిరత్నం బావ, ఫోను చేశాడు. "మంగమ్మా, నీ తమ్ముడు తీట్టు ఇంట్లో, మైల విడవకముందే ఆట బొమ్మ పెట్టుకోని వాకిట్లో తిప్పతా ఉండాడు. వీధి వీధంతా నవ్వతా ఉండాది. కర్మ అయ్యేదాకా నువ్వు దాన్ని పెరుక్కోని పో. లేదంటే పదహారో రోజు మేమెవరమూ ఆ గడప తొక్కం."

రైలెక్కాను. పెరుక్కోవడానికే పోయాను... అబద్ధం ఎందుకు.

వాకిట్లో మునిరత్నం బావతో పాటు ఆరేడుగురు పెద్దలు కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్ల కాళ్ల ముందరే ఆ కారు చుట్లు కొడుతోంది. పైన స్టీలు మూత అట్లాగే ఉంది, ఖాళీగా. గడపలో మా తమ్ముడు. అరవై దాటినవాడు, మాసిన గడ్డం.

"ఇట్ల ఇయ్యిరా దాన్ని" అని చెయ్యి చాపాను.

వాడు రిమోటు నా చేతిలో పెట్టాడు.

"బ్యాటరీ ఇరవై నిమిసాలు వస్తాదక్కా. ఆ ఇరవై నిమిసాలు దీన్ని చూస్తా ఉంటా. మిగతా అంతా ఆ మంచాన్నే చూస్తా ఉండా."

నా ముక్కుకు పచ్చి బుర్రల పొగ కొట్టింది.

"సరే, తీసుకోని పోయి లోపల పెట్టు మంగమ్మా" అన్నాడు బావ.

"ఉండు బావా. రేయ్ గోపాలూ, దీన్ని ఎట్ల తోలేది?"

"నీకూ పిచ్చి పట్టిందా మే?" అన్నాడు బావ.

"పట్టింది. నలుగురూ మెచ్చేటట్ల ఏడవాలంటే చావుపాట ఒప్పారి పాడేవాళ్లను పిలుచుకోండి, రొమ్ము కొట్టుకోని ఏడస్తారు. మూడేండ్లు ఆ మంచంలో ఆమెను తిప్పి పండబెట్టినాడే, ఒక పూటన్నా ఎవరైనా వచ్చి చూస్తిరా? కర్మకు రాకుంటే మానండి. ఆ అన్నం నేనొక్కదాన్నే కూర్చోని తింటా."

ఆ కోపంలో వేలు గట్టిగా నొక్కేశాను. కారు నేరుగా బావ కుర్చీ కిందకు పోయి, ఆయన చెప్పులో ముక్కు దూర్చి గిరగిరా కొట్టుకుంది. బావ రెండు కాళ్లూ పైకెత్తేశాడు.

గోపాలు నవ్వాడు. నవ్వుతూనే ఏడుపులోకి పోయాడు... పదకొండు రోజుల్లో అదే మొదటి ఏడుపంట. బావ వంగి ఆ కారును పైకి తీశాడు, దుమ్ము ఊదాడు, తెచ్చి వాడి ఒళ్లో పెట్టాడు.

పదహారో రోజు అందరూ వచ్చారు.

ఆ సాయంత్రం చెప్పాను. "నీ ముంజకాయ బండి పొయ్యిలో వేసింది నేనేరా."

"తెలుసులే అక్కా. నీ చేతుల నిండా మసి ఉండె."

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వూ ఏడస్తా ఉంటివి గదా."

ఇప్పుడు ఎండాకాలం వస్తే మా రోడ్డు పక్కన తాటి బుర్రలు గుట్టలుగా పడి ఉంటాయి. చక్రాలకని ఏరుకునే చేతులు లేవు... ఎండిపోతాయి, అంతే. నేను మాత్రం ఈసారి రెండు మంచివి ఏరి పెట్టాను. అరవై ఏళ్లు ఆలస్యమయింది, అయినా ఇచ్చేస్తాను.

మీ కష్టంలో మిమ్మల్ని మోసిన బండి ఏది? మీరు ఎవరి బండైనా పొయ్యిలో వేసి ఉంటే... అది కూడా చెప్పండి. మనవరాలు చదివి వినిపిస్తుంది.