మోచేతి మీద ఆగిపోయిన నవల

2023 వానాకాలం. రాజమండ్రిలో నా ఫిజియోథెరపీ క్లినిక్ అప్పటికి బాగా నిలదొక్కుకుంది. మూడు మంచాలు, వాటి మధ్య ఆకుపచ్చ కర్టెన్లు, కిటికీ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు. ఫిజియోథెరపిస్ట్ అంటే మసాజ్ చేసే మనిషి అనుకుని వచ్చేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నొక్కడం నా పనిలో చిన్న భాగమనీ, ఎక్కువ భాగం చూడడమేననీ వాళ్ళకి ఓపిగ్గా చెబుతుంటాను. మనిషి ఎలా నడిచి వచ్చాడు, ఏ చేత్తో తలుపు తోశాడు, కూర్చునేటప్పుడు దేన్ని పట్టుకున్నాడు అన్నది నేను ముందు చూస్తాను. ఈ చూసే పని నాకు బాగా వచ్చునని కాస్త గర్వం కూడా ఉంది.

ఆ రోజు తలుపు తోసిన చెయ్యి ఎడమది. దానికే గడియారం ఉంది. అంటే కుడిచేతి వాటం మనిషే, కానీ కుడిచేతిని కాపాడుకుంటోంది అనుకున్నాను. ఆవిడ పేరు హైమావతి గారు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. కడియంలో వాళ్ళకి మొక్కల నర్సరీ ఉంది. వెనకాలే ఆవిడ భర్త సత్యనారాయణ గారు రిపోర్టుల కవరు పట్టుకుని వచ్చారు. కుడిచేతి చివరి రెండు వేళ్ళకి తిమ్మిరి, పట్టు తగ్గడం. కొన్నాళ్ళు ఫిజియోథెరపీ చేయించి, తగ్గకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని ఎముకల డాక్టరు గారు రాసి పంపారు.

"ఏం పని చేస్తుంటారండి?" అని ఆవిడని అడిగాను.

జవాబు ఆయన అందుకున్నారు. "ఏం చెయ్యదో అడగండి మేడమ్. పొద్దున్నే సైకిలేసుకుని కాలవగట్టంట ధవళేశ్వరం దాకా పోయేది, మొన్న వేసవి దాకా. నర్సరీ ఆర్డర్లు చూస్తది. మధ్యాహ్నం నవల రాస్తది. సాయంత్రం బ్లేడు పెట్టి కాగితాలు కోసుకుంటా కూర్చుంటది. ఆదివారమొస్తే మారేడుమిల్లి కొండలెక్కడానికి పోద్ది. ఒక్క చెయ్యి ఎన్ని పన్లకని సరిపోద్దండి?"

"కాగితాలు కోసుకోవడం ఏంటండి, దాన్ని పేపర్ కట్ అంటారు" అన్నారు హైమావతి గారు కాస్త చిరాగ్గా.

నల్ల కాగితాన్ని సన్నటి బ్లేడుతో చెక్కితే బొమ్మ మిగులుతుంది. ఆవిడ నవలల అట్టల మీద ఉండేవి ఆ బొమ్మలే. అప్పటికి రెండు నవలలు సొంతంగా అచ్చు వేసుకున్నారు. "పబ్లిషర్ల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదండి. నా పుస్తకం నేనే వేసుకుంటాను, నా అట్ట నేనే చేసుకుంటాను" అన్నారు. పుస్తకాల కట్టలు మొక్కల లారీల్లోనే ఊళ్ళకి వెళ్ళేవట. మీ నవలకి తడిమన్ను వాసన వస్తోందని పాఠకులు ఫోన్ చేసి చెప్పేవారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగింది. మూడో నవల గురించి అడిగితే మాత్రం సగంలో ఆగిందని చెప్పి తల దించుకున్నారు.

చెయ్యి పరీక్ష మొదలుపెట్టాను. మాకు పేపర్ టెస్ట్ అని ఒకటుంది. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య ఒక కాగితం పట్టుకోమని, దాన్ని మేం లాగుతాం. నరం బాగుంటే బొటనవేలు నిటారుగా ఉండి కాగితాన్ని బిగించి పడుతుంది. నరం దెబ్బతింటే ఆ కండరం పని చేయదు, బొటనవేలి కణుపు వంగిపోతుంది. ఆవిడ కణుపు వంగింది. నేను పెద్దగా లాగకుండానే కాగితం నా చేతిలోకి వచ్చేసింది.

ఆవిడ ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయారు. "కాగితం మేడమ్. కాగితం కూడా పట్టుకోలేకపోతున్నానా?" అన్నారు. బ్లేడు పట్టుకునే చెయ్యి అది, కలం పట్టుకునే చెయ్యి అది, సైకిలు బ్రేకు నొక్కే చెయ్యి కూడా అదే. అది పోతే ఆవిడ రోజంతా ఖాళీ అయిపోతుందని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

"అందుకే సైకిలు మాన్పించేశానండి, వేసవిలోనే" అన్నారు సత్యనారాయణ గారు.

"మానేశాక తగ్గిందా అమ్మా?"

"పెరిగిందండి" అన్నారావిడ.

"మానడం ఆలస్యమైంది, అంచేత" అన్నారాయన.

నేను వాదించలేదు. మన చేతిలో అల్నర్ నర్వ్ అనే నరం ఒకటుంటుంది. మోచెయ్యి ఎక్కడైనా తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుందే, అదే. మెడ నుంచి బయల్దేరి చిటికెనవేలి దాకా వస్తుంది. దారిలో దానికి ఇరుకు చోట్లు ముఖ్యంగా రెండు, మోచేతి వెనక ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. సైకిలు హ్యాండిల్ మీద బరువు వేసేవాళ్ళకి సాధారణంగా నలిగేది మణికట్టు దగ్గర. అలా నలిగితే అరచేతివైపు తిమ్మిరి ఉంటుంది కానీ చేతి వెనకవైపు స్పర్శ బాగానే ఉంటుంది. ఎందుకంటే వెనకవైపుకి వెళ్ళే కొమ్మ మణికట్టుకి ముందే విడిపోతుంది. నేను దూది తీసుకుని ఆవిడ చేతి వెనక, చిటికెనవేలి వైపు రాశాను. ఆవిడకి తెలియలేదు. అంటే నలుగుతున్నది మణికట్టు దగ్గర కాదు, ఇంకా పైన. సైకిలు మీద నేరం మోపడానికి నాకు ఆధారం దొరకలేదు.

"ఫోను చెవి దగ్గర పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడతారా?"

"లేదండి, ఆర్డర్లకి ఇయర్‌ఫోన్సే. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా."

"మరి నవల ఎలా రాస్తారు?"

"ఇప్పుడు రాయట్లేదండి, చెబుతున్నాను. ఫోన్లో వాయిస్ టైపింగ్. నేను మాట్లాడితే అదే అక్షరాలేసుకుంటుంది. చేతికి పని తగ్గుతుందని."

"నేనే నేర్పానండి" అన్నారు సత్యనారాయణ గారు ఉత్సాహంగా.

"ఒకసారి చెప్పి చూపించండి" అన్నాను. మాటల్లో రోగులు తమ పనిని సర్ది చెబుతారు, శరీరం అలా సర్దలేదు. అందుకే నేను చేసి చూపించమంటాను.

ఆవిడ మొహమాటపడుతూనే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. కుడి మోచెయ్యి బల్ల అంచుకి ఆనించారు, చెయ్యి పూర్తిగా మడిచి ఫోను పెదవుల దగ్గర పెట్టుకున్నారు, కళ్ళు మూసుకున్నారు. "పంటు బయల్దేరబోతోంది. రమణి రేవు మెట్ల మీద నిలబడింది. కాదు, నిలబడిపోయింది. చేతిలో సూట్‌కేసు. కాదు, చేతిసంచీ..." చెప్పడం, చెరపడం, మళ్ళీ చెప్పడం. కాసేపటికి మొహమాటం పోయింది. క్లినిక్‌లో ఉన్నామన్న సంగతే ఆవిడ మర్చిపోయారు. గోదావరి దాటించే పంటు వెళ్ళిపోతుందేమోనని నాకూ ఆత్రం మొదలైంది కానీ నా కళ్ళు మాత్రం ఆవిడ మోచేతి మీదే ఉన్నాయి. అది బల్ల అంచు మీద నుంచి అంగుళం కూడా కదలలేదు. మరి కాసేపటికి చివరి రెండు వేళ్ళు వాటంతటవే ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఆవిడ ఒకసారి చెయ్యి విదిలించి, మోచెయ్యి మళ్ళీ అక్కడే ఆనించి కథ కొనసాగించారు. విదిలించిన సంగతి ఆవిడకే తెలియదు.

"చాలండి, ఆపండి" అన్నాను.

పక్క మంచం కర్టెన్ వెనక నుంచి మోకాలి నొప్పికి కాపడం పెట్టించుకుంటున్న సూర్రావు గారు తల బయటపెట్టారు. "అదేంటి మేడమ్, అప్పుడే ఆపేశారు? ఇంతకీ ఆ అమ్మాయి పంటెక్కిందా లేదా?"

"నాకూ తెలీదండి" అన్నారు హైమావతి గారు. "నవల అక్కడే ఆగిపోయింది. ఇదివరకు గట్టు మీద సైకిలు తొక్కుతుంటే తెలిసేది. ధవళేశ్వరం చేరేలోపు ఆ రోజు రాయాల్సింది తేలిపోయేది. ఇంటికొచ్చి గబగబా రాసేసేదాన్ని. ఇప్పుడు పొద్దస్తమానం కూర్చుని చెప్పిందే చెబుతున్నాను, చెరిపిందే చెరుపుతున్నాను."

అంతా ఆ మాటల్లోనే ఉంది. రెండో నవల ప్రూఫులు దిద్దేటప్పుడు మోచెయ్యి బల్లకి ఆనించే అలవాటుతో తిమ్మిరి కొద్దిగా మొదలైందట. సైకిలున్నంతకాలం ఆ ఆనడానికి ఒక హద్దు ఉండేది. సైకిలు తీసేశారు. కథ తెగక, ఆ ఖాళీలోకి ఇంకా ఎక్కువ కూర్చోవడం వచ్చి చేరింది. చేతిని కాపాడదామని ఆయన నేర్పిన వాయిస్ టైపింగే నరాన్ని మరింత నలిపింది. మోచేతి వెనక గాడిలో వేలితో మెల్లగా తట్టాను. "అయ్ బాబోయ్!" అని ఆవిడ చెయ్యి లాక్కున్నారు. చిటికెనవేలి దాకా కరెంటు కొట్టినట్టయిందట. నరంలో సందేశం ఎంత వేగంగా నడుస్తోందో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్షకి పంపితే అందులోనూ మోచేతి దగ్గరే అడ్డంకి కనబడింది. ఆపరేషన్ మాట చలికాలం దాకా వాయిదా వేద్దామని ఎముకల డాక్టరు గారు ఒప్పుకున్నారు. ఈలోపు పట్టు ఇంకా పడిపోతే మాత్రం ఆగేది లేదని గట్టిగానే చెప్పారు.

వైద్యం గొప్పదేమీ కాదు. రాత్రి నిద్రలో చెయ్యి మడుచుకోకుండా మోచేతికి తువ్వాలు చుట్టుకోవాలి. ఫోనుకి స్టాండు. బల్ల అంచుకి మోచెయ్యి తగలడానికి వీల్లేదు. నర్వ్ గ్లైడింగ్ అనే వ్యాయామం, అంటే లంగా బొందు నేఫాలో ఆడినట్టు నరం దాని గొట్టంలో అటూ ఇటూ ఆడేలా చెయ్యి చాపి తిప్పడం. వీటన్నిటికంటే ముఖ్యమైనది పనుల వరస మార్చడం. మోచెయ్యి మడిచి చేసే పనులు రెండు వెంటవెంటనే ఉండకూడదు. పొద్దున్నే సైకిలు, వచ్చాక కాసేపు చేత్తో రాత, ఆ తర్వాత నర్సరీలో తిరుగుడు, సాయంత్రం పేపర్ కట్, అదీ మధ్యమధ్యలో లేస్తూ.

సైకిలు అనగానే సత్యనారాయణ గారు కుర్చీలోంచి లేచారు. "మళ్ళీ సైకిలేంటి మేడమ్! చెయ్యి బాగుచెయ్యమని మీ దగ్గరికి తీసుకొస్తే!"

"మందుల చీటీలో మొదటి మందు అదేనండి. రేపు సైకిలు ఇక్కడికి తీసుకురండి. హ్యాండిల్ ఎత్తు చూసి, మణికట్టు మీద బరువు పడకుండా సర్దుతాను."

మర్నాడు మొక్కల ఆటోలో సైకిలు వచ్చింది. నేను హ్యాండిల్ ఎత్తు సరిచేస్తుంటే ఆయన పక్కనే సైకిలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టారు. "వేసవిలో ఒకరోజు గాలివాన పట్టుకుందండి. ఈవిడ రాలేదు. ఫోను కలవలేదు. గట్టంతా ఎతుక్కుంటా పోయాను. కాలవ నిండా నీళ్ళు. ఈవిడేమో ఎవరి పాకలోనో నిలబడి టీ తాగుతోంది. అప్పట్నించి ఈ సైకిలు చూస్తే నాకు ఆ కాలవే కనబడుద్దండి. చెయ్యి తిమ్మిరి అనగానే వంక దొరికింది."

హైమావతి గారు ఆయన వైపు తిరిగారు. "ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పలేదేంటండి?"

"చెబితే మానేస్తావా?"

"మానను. గట్టెక్కేముందు ఒక ఫోను, ధవళేశ్వరం చేరాక ఒక ఫోను చేస్తాను. వానొస్తే ఊళ్ళోంచి రోడ్డు మీద వస్తాను. చాలా?"

ఆయన నా వైపు చూశారు. "భయానికి ఎక్సర్‌సైజులు నా దగ్గర లేవండి" అన్నాను. "కానీ మీ భయం ఖరీదు ఆవిడ చెయ్యి కట్టకూడదు." ఆయన నవ్వలేక నవ్వి సైకిలు ఆటోలోకి ఎక్కించారు.

మొదట్లో ఏ మార్పూ కనబడలేదు. నేను పొరబడ్డానేమో అన్న అనుమానం ఒక్కసారీ రాలేదంటే అది అబద్ధం. నరం కోలుకోవడానికి తొందర ఉండదు, మనకే ఉంటుంది. ఆ తర్వాత ఒకరోజు చేతి వెనక దూది తగిలితే ఆవిడ టక్కున కళ్ళు తెరిచారు. ఇంకొన్నాళ్ళకి ఒక పొద్దున్న గట్టు మీది బురద బూట్లతోనే నేరుగా క్లినిక్‌కి వచ్చి, నన్ను దాటుకుని సూర్రావు గారి మంచం దగ్గరికి వెళ్ళారు.

"ఎక్కలేదండి! రమణి పంటుని పోనిచ్చింది. నాటుపడవ మాట్లాడుకుని తనంతట తనే దాటింది."

"ఆయ్! అదండీ ఆడదంటే" అన్నారు సూర్రావు గారు మోకాలు మర్చిపోయి లేచి కూర్చుని.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. నొప్పి ఉన్న మనిషి నాలుగు పనులు చేస్తున్నాడంటే మన కళ్ళు ముందు సరదా పని మీద పడతాయి, అది మానెయ్యమంటాం. సైకిలూ, నవలా, బొమ్మలూ, కొండలెక్కడమూ ఒకదాని చోటు ఒకటి లాక్కుంటున్నాయని హైమావతి గారి ఇంట్లో అందరూ అనుకున్నారు. నిజానికి అవి ఒకదాన్నొకటి మోస్తున్నాయి. ఇప్పుడు ఎవరైనా ఏదైనా మానేశామని చెబితే, ఆ ఖాళీలోకి ఏమొచ్చి కూర్చుందని అడుగుతాను. చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతోంది.

మరుసటి ఏడు చలికాలంలో దంపతులిద్దరూ వచ్చారు. ఆపరేషన్ అవసరం రాలేదు. అంతకుముందు ఆదివారమే మారేడుమిల్లి వెళ్ళొచ్చారట. నవల అచ్చుకి సిద్ధంగా ఉంది. సంచీలోంచి ఒక నల్లకాగితం తీశారు. రేవు, మెట్లు, నీళ్ళ మీద చిన్న పడవ, అలలు దారంకంటే సన్నంగా. ఆ అలలు చెక్కిన చెయ్యి నా కాగితం పట్టుకోలేకపోయిన చెయ్యేనని తలుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నా ముందుకి చాపారు.

"లాగండి మేడమ్."

లాగాను. రాలేదు. బొటనవేలు నిటారుగా ఉంది. ఇంకాస్త గట్టిగా లాగాను.

"చాలు మేడమ్, చాలు!" సత్యనారాయణ గారు కంగారుగా అడ్డమొచ్చారు. "ఉన్నది అదొక్కటేనండి, చిరిగిపోద్ది!"

"చిరిగితే ఇంకోటి కోస్తాను" అన్నారు హైమావతి గారు, కాగితం వదలకుండా.